చెట్టు కింద కూర్చునే పిల్లల్ని గ్రౌండ్‌లోకి తేవాలంటే ముందు వాళ్ళకేం తెలుసో కనుక్కోండి

కొత్తగా జాయినైన పీఈటీలు, అంటే బడిలో ఆటలు నేర్పే టీచర్లు, ఈమధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతన్నారు, "సార్, క్లాసులో యాభై మంది ఉంటే పది పదిహేను మంది ఎప్పుడూ వేపచెట్టు కిందే ఉంటన్నారు, ఏం చెప్పినా లేవరు, ఇంట్రెస్ట్ లేదు వాళ్ళకి, ఏం చెయ్యమంటారు" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తన్నా. నేను గుంటూరు చుట్టుపక్కల హైస్కూళ్ళలో పనిచేసినోణ్ణి కాబట్టి ఇక్కడి పిల్లల సంగతే చెప్తా, మీ ఊళ్ళో కొంచెం అటూఇటూ ఉండొచ్చు.

ఇంట్రెస్ట్ లేదు అనే మాట నేనూ చాలా ఏళ్ళు అన్నా. ఇప్పుడు అనను. చెట్టు కింద కూర్చున్నోళ్ళలో ఎక్కువమందికి ఆ ఆట గురించి ఏమీ తెలీదు, అంతే. బంతి వస్తే ఎటు కొట్టాలో తెలీదు, రొటేషన్ అంటే ఎవరు ఎటు జరగాలో తెలీదు, తెలీదని నలుగురిలో బయటపడటం ఇష్టం ఉండదు, అందుకని కడుపునొప్పి అంటారు. కొంచెం తెలిసినోడికే ఇంకొంచెం తెలుసుకోవాలనిపిస్తుంది, అసలేమీ తెలీనోడికి అక్కడ ఇరవై మంది ఊరికే అరుస్తా పరిగెత్తినట్టే కనపడుద్ది.

ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి గురించి చెప్తా. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా సెలవుల దాకా ఒక్కరోజు కూడా గ్రౌండ్‌లోకి రాలా. ఒకరోజు నేను ఇసక పిట్ దగ్గర మగపిల్లలకి ట్రిపుల్ జంప్ చెప్తన్నా. హాప్‌లో ఏ కాలుతో లేచామో ఆ కాలు మీదే దిగాలి, స్టెప్‌లో రెండో కాలు మీద దిగాలి, చివర జంప్ చేసి ఇసకలో పడాలి, మీకు తెలిసిందే. పదిమందిలో ఏడెనిమిది మంది హాప్‌లోనే కాలు మార్చేస్తన్నారు, ఎన్నిసార్లు చెప్పినా పరిగెత్తుకుంటా వచ్చి మామూలు నడకలాగే రెండో కాలు వేసేస్తన్నారు. విసుగొచ్చి అటు తిరిగితే చెట్టు కింద ఈ అమ్మాయి, ఇంకో ఇద్దరు, పెంకుముక్కతో నేల మీద గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతన్నారు. చెప్పులు పక్కన విప్పేసి, కుడికాలు వెనక్కి మడిచి, ఎడంకాలు మీద ఒక్కో గడి దాటుకుంటా పోతంది, గీత తొక్కట్లా, మధ్యలో ఆగి బిళ్ళని పాదంతో ముందుకి తోస్తంది, చివరి గడి దగ్గర మలుపు తిరిగి మళ్ళీ అదే కాలు మీద వెనక్కొస్తంది. ఒక్కసారి కూడా తూలలా. అంటే హాప్ అనేది నా జట్టు మొత్తానికంటే ఆ పిల్లకే బాగా వచ్చు, దానికి ఆ పేరుందని ఆమెకి తెలీదు, ఆమెకి వచ్చని నాకు తెలీదు.

వెళ్ళి "అమ్మా, అదే కాలుతో ఇంకా పెద్ద గడి దాటగలవా" అని అడిగా. ట్రిపుల్ జంప్ అనే మాటే ఎత్తలా. రన్‌వే మీద సున్నంతో రెండు గళ్ళు గీసి, మూడో గడి ఇసకే అని చెప్పా, మొదటి గడిలో అదే కాలు, రెండో గడిలో రెండో కాలు, తర్వాత ఇసకలోకి దూకెయ్. "అంతేనా సారూ" అంది. మూడోసారికే కాలు మారకుండా వెళ్ళి ఇసకలో పడింది. దూరం ఏమంత ఎక్కువ కాదు. కానీ మర్నాడు ఇంటర్వెల్‌లో తనే నా దగ్గరికొచ్చి "సారూ, హాప్ మరీ పెద్దగా వేస్తే స్టెప్ చిన్నదైపోతంది ఎందుకు" అని అడిగింది. హాప్‌లో బాగా పైకి లేస్తే దిగేటప్పుడు బరువంతా ఆ కాలు మీద పడి స్పీడ్ చచ్చిపోద్ది, ఇక స్టెప్‌కి ఊపు మిగలదు అని చెప్పా. నాలుగు నెలలు నోరు తెరవని పిల్ల అడిగిన ప్రశ్న అది, అప్పట్నుంచే నేను క్లాసు మొదలుపెట్టే పద్ధతి మార్చుకున్నా.

దీని వెనక చదువు కూడా ఉంది, పీఈటీ అవ్వడానికి చదివే బీపీఈడీలో మనం పైపైన చదివి వదిలేసిందే. డేవిడ్ ఆసుబెల్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1968లోనే చెప్పాడు, నేర్చుకోవడం మీద అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది పిల్లోడికి అప్పటికే తెలిసిందే, ముందు అది కనుక్కోండి, దాన్నిబట్టి చెప్పండి అని. ప్యాట్రీషియా అలెగ్జాండర్ అనే ఇంకో సైకాలజిస్ట్ ఇంకో మెట్టు ముందుకెళ్ళి, తెలివిడీ ఆసక్తీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పెరుగుతాయని చూపించింది. సుజాన్ హిడి, ఆన్ రెన్నింగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఆసక్తికి నాలుగు దశలు చెప్పారు, మొదటిది అప్పటికప్పుడు పుట్టేది, చివరది పిల్లోడి సొంతమైపోయి ఎవరూ పిలవకపోయినా వాడే వచ్చేది. మనకి పనికొచ్చే ముక్క ఏంటంటే, మొదటి దశ తేలిక, కొత్త బంతి తెచ్చినా, రంగు కోన్లు పెట్టినా, ఫ్రిస్బీ ఇచ్చినా అందరూ లేచొస్తారు, మూడో వారానికి మళ్ళీ చెట్టు కిందకే పోతారు. మొదటి దశ నుంచి పైకి ఎక్కాలంటే తెలివిడి కావాలి, కొత్తదనం ఒక్కటే చాలదు.

సరే, ఎట్టా చెయ్యాలో చెప్తా.

బడి తెరిచిన మొదటి వారం బంతి ఇవ్వకండి. పిల్లలు గోల చేస్తారు, చెయ్యనివ్వండి. ఆ వారమంతా కనుక్కోవడానికే. అయితే "కబడ్డీ ఎవరికొచ్చు" అని చేతులెత్తమంటే మాత్రం లాభం లేదు, పక్కనోడు ఎత్తాడని అందరూ ఎత్తుతారు, లేదా నవ్వుతారని ఎవరూ ఎత్తరు. నేను ఇట్టా చేస్తా. ముగ్గుపిండో సున్నమో తీసుకుని గ్రౌండ్‌లో వాలీబాల్ కోర్టు గీస్తా, 18 మీటర్లు బై 9, ఆరుగురిని పిలిచి "మీ టీమ్ ఇది, ఎక్కడ నిలబడాలో మీరే నిలబడండి" అంటా, ఇంకేమీ చెప్పను. ఆడినోళ్ళు గబగబా ముందు ముగ్గురు వెనక ముగ్గురు సర్దుకుంటారు. టీవీలో చూసినోళ్ళు కొంచెం ఆలోచించి పక్కనోణ్ణి చూసి నిలబడతారు. ఏమీ తెలీనోళ్ళు నెట్ దగ్గర గుంపుగా నిలబడతారు. తర్వాత "ఇప్పుడు సర్వీస్ మీకొచ్చింది, జరగండి" అంటా. అక్కడ అసలు సంగతి బయటపడుద్ది, చాలామందికి జరగాలని తెలుసు గానీ అవతలోళ్ళ సర్వీస్‌లో మనం పాయింట్ గెలిచినప్పుడే జరగాలనీ, గడియారం ముల్లు తిరిగినట్టు జరగాలనీ తెలీదు. పది నిమిషాల్లో ఆరుగురి సంగతి తెలిసిపోద్ది, ఒక్క మాట అడగక్కర్లేదు.

ఇంకోటి, ఇంటి దగ్గర సాయంత్రం ఏం ఆడతారో అడగండి. ఏడుపెంకులాట, కుంటాట, నేలాబండ, కర్రాబిళ్ళ, తొక్కుడుబిళ్ళ, గోళీలు, ఊరిని బట్టి పేర్లు మారతాయి, ఆడే పద్ధతి కూడా మారుద్ది. విజయవాడలో అపార్ట్‌మెంట్ పిల్లలైతే సెల్లార్‌లో షటిల్, లేకపోతే ఫోన్‌లో క్రికెట్ గేమ్ అంటారు. ఫోన్ గేమ్ అన్నాడని చిన్నచూపు చూడకండి, ఫీల్డింగ్ పొజిషన్లు మొత్తం అందులోనే నేర్చుకున్న పిల్లలున్నారు. ఇదంతా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఒక్కో పిల్లోడికి ఒక లైను చాలు.

రాసేటప్పుడు మూడు రకాలుగా విడగొట్టండి, ఇది ముఖ్యం. చూసి తెలిసింది, ఆడి తెలిసింది, ఎందుకో తెలిసింది. ఈ మూడూ ఒకే పిల్లోడిలో కలిసి ఉండవు. నా క్లాసులో ఒకడుండేవాడు, ఐపీఎల్ గురించి ఏదడిగినా చెప్పేవాడు, పవర్‌ప్లే అంటే ఏంటి, డీఆర్ఎస్ ఎప్పుడు తీసుకోవాలి, అన్నీ నోటికొచ్చు. బంతి మాత్రం పట్టుకోలేడు. వాడు గ్రౌండ్‌లోకి రాకపోడానికి కారణం తెలీకపోవడం కానే కాదు, మంచి క్యాచ్ ఎట్టా ఉంటదో బాగా తెలుసు కాబట్టి తన చేతులు ఎంత తప్పుగా వెళ్తన్నాయో మిగతా వాళ్ళకంటే వాడికే బాగా కనపడుద్ది. అట్టాంటోణ్ణి స్కోరర్ చేసి కూర్చోబెట్టేస్తాం మనం, అక్కడే ఏడాదంతా ఉండిపోతాడు. స్కోరు రాయించండి, ఫీల్డింగ్ సెట్ చేయించండి, కానీ రోజూ చివర పది నిమిషాలు టెన్నిస్ బంతితో ఒక్కడికే క్యాచింగ్ ఇవ్వండి, వేరేవాళ్ళు చూడని చోట. వాడికి తెలిసినదాని దగ్గరికి చేతులు చేరడానికి కొంచెం టైమ్ పడుద్ది, అంతే.

ఇక కలపడం. వీధిలో తెలిసిన ఆటని బడిలో ఆటకి ముడెయ్యాలి. ఏడుపెంకులాట ఆడేవాళ్ళకి గురిచూసి విసరడం, పరిగెత్తేవాడికి కొంచెం ముందు విసరాలనేది చెప్పక్కర్లేకుండా వచ్చు, హ్యాండ్‌బాల్‌కి, క్రికెట్ త్రోకి అది సగం పని. నేలాబండ ఆడినోడికి ఎప్పుడు కదలాలి, ఎప్పుడు కదిలినట్టు నటించాలి అనేది ఒంట్లో ఉంటది, ఖోఖోలో రన్నర్‌కి కావాల్సింది అదే. ఆడపిల్లలు చాలాచోట్ల టెన్నికాయిట్ (రింగ్ ఆట), త్రోబాల్ ఆడి ఉంటారు, నెట్ అవతల ఖాళీ ఎక్కడుందో చూసి వేయడం వాళ్ళకి తెలుసు, కాబట్టి వాలీబాల్ నేర్పేటప్పుడు మొదటి వారం పట్టుకుని విసరనివ్వండి, రెండో వారం ఒక టచ్ మాత్రమే పట్టుకోవచ్చు మిగతా రెండు కొట్టాలి అనండి, మూడో వారం పట్టుకోవడం తీసెయ్యండి. నెట్ కూడా దించండి, పెద్ద మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24, ఏడో తరగతి పిల్లలకి ఆ ఎత్తు ఎందుకు? ముందు ఆట అర్థమవనిచ్చి ఆ తర్వాత స్కిల్ చెప్పే ఈ దారి ఇంగ్లండ్‌లో లాఫ్‌బరోలో బంకర్, థోర్ప్ అనే ఇద్దరు 1982లో రాసిందే, నేను మన ఊరి ఆటలకి తిప్పుకున్నా అంతే.

కానీ ముడేసేటప్పుడు జాగ్రత్త. తెలిసింది సాయం చేసినట్టే అడ్డం కూడా పడుద్ది. కర్రాబిళ్ళ బాగా ఆడేవాడికి కన్ను, చెయ్యి కలుస్తాయి నిజమే, కానీ క్రికెట్ బ్యాట్ ఇస్తే ప్రతి బంతినీ అడ్డంగా ఊపుతాడు, స్ట్రెయిట్ బ్యాట్ రావడానికి చాలా రోజులు పడుద్ది. తొక్కుడుబిళ్ళ ఆడిన అమ్మాయిలు హాప్‌లో తల దించి గీతనే చూస్తారు, ట్రిపుల్ జంప్‌లో చూపు ముందుకుండాలి. చెడుగుడు ఆడినోళ్ళు ఊపిరి ఎంతసేపు ఉంటే అంతసేపు కూత పెట్టొచ్చు అనుకుంటారు, కబడ్డీలో రైడ్ 30 సెకన్లే. ఇట్టాంటివి ఉన్నప్పుడు "మీరాడేది తప్పు" అనకండి, ఆ మాటతో పిల్లోడు మళ్ళీ చెట్టు కిందకి పోతాడు. "మీ వీధిలో అట్టా ఆడతారు, ఇక్కడ ఇట్టా, ఎందుకు మార్చారో చెప్పుకోండి చూద్దాం" అనండి.

ఆ "చెప్పుకోండి చూద్దాం" అనే దగ్గరే ఆసక్తి పుడుద్ది. సగం తెలిసినోణ్ణి ఆ మిగతా సగం ఊరుకోనివ్వదు. ప్రొ కబడ్డీ 2014లో మొదలైన తర్వాత మన పిల్లలకి డూ ఆర్ డై, సూపర్ ట్యాకిల్ లాంటి మాటలు నోట్లో నానుతన్నాయి, తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూసొచ్చి మాట్లాడుకుంటారు, కానీ అర్థాలు సగమే తెలుసు. నేను ఒకసారి ఒక రైడర్‌ని, అంటే కూతకెళ్ళినోణ్ణి, అవతలి కోర్టులో వెనక ఉండే బోనస్ లైన్ దాటించి పాయింట్ ఇవ్వలా. గొడవ లేచింది, "సార్ దాటాడు సార్, కాలు గాల్లో ఉంది సార్" అని. లెక్కపెట్టండ్రా అవతల ఎంతమంది ఉన్నారో అన్నా. ఐదుగురున్నారు. ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే బోనస్ ఇస్తారు. "ఎందుకు సార్" అని అడిగింది ఎవరనుకున్నారు, ఎప్పుడూ ఆడని ఇద్దరు. మనుషులు తగ్గితే లోపలంతా ఖాళీయే కదా, దాటడం తేలిక, తేలికైనదానికి పాయింట్ ఎందుకిస్తారు అని ఒకడు తనంతట తనే చెప్పాడు. ముందే రూల్ చెప్పేసి ఉంటే ఆ నిమిషం వచ్చేది కాదు.

దీనికి వ్యతిరేకంగా నేను చేసిన పొరపాటు కూడా చెప్తా. తెలివిడి ఇస్తే ఆసక్తి వస్తది కదా అని, ఒక వర్షాకాలం గ్రౌండ్ బురదగా ఉంటే వారం రోజులు క్లాస్‌రూమ్‌లో బోర్డు మీద ఖోఖో రూల్సన్నీ రాయించా. తొమ్మిది మంది, పోల్, లేన్లు, ఫౌల్స్, అన్నీ. గ్రౌండ్ ఆరాక బయటికి తీసుకెళ్తే అంతకుముందు ఆడే పిల్లలు కూడా నీరసంగా వచ్చారు. ఆట కంటే ముందు బండెడు రూల్స్ నెత్తినేస్తే అది సాంఘికశాస్త్రం పాఠమైపోద్ది. ఒక్క ముక్క చెప్పాలి, వెంటనే ఆడించాలి, ఆడేటప్పుడు ఇంకో ముక్క అవసరం పడేట్టు చూడాలి.

బాగా వచ్చిన పిల్లల సంగతి వేరు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్స్‌కి వెళ్ళొచ్చినోళ్ళు, పొద్దున్నే అకాడమీకి పోయొచ్చే బ్యాడ్మింటన్ పిల్లలు, వీళ్ళకి మనం చెప్పే బేసిక్స్ విసుగు. ఊరికే ఆడిస్తే అందరినీ ఓడించి కూర్చుంటారు, రెండు వైపులా నష్టం. వీళ్ళని ఎప్పుడూ అసిస్టెంట్ కోచ్‌లాగా వాడేయకండి, వాళ్ళ పీరియడ్ కూడా వాళ్ళదే. వాళ్ళకి మాత్రమే కష్టం పెంచండి, బ్యాడ్మింటన్‌లో సగం కోర్టే ఇచ్చి స్మాష్ లేకుండా 21 కొట్టమనండి, వాలీబాల్‌లో మూడు టచ్‌లు తప్పనిసరి అనండి. అప్పుడు మళ్ళీ తెలీనిది ఒకటి ఎదురుపడుద్ది.

తప్పుగా తెలిసినవి కూడా ఉంటాయి, ఇవి ఇంట్లోంచి వస్తాయి కాబట్టి కొంచెం మెల్లగా చూడాలి. ఆటలో మధ్యలో నీళ్ళు తాగకూడదంటారు, మన గుంటూరు ఎండలో అది ప్రమాదం, కొంచెం కొంచెంగా తాగించండి. చెమట ఎంత పడితే అంత కొవ్వు కరిగినట్టు అనుకుంటారు, బరువు తూచే మిషన్ ఉంటే ఆటకి ముందూ వెనకా తూచి, నీళ్ళు తాగాక మళ్ళీ తూచండి, తగ్గిందంతా దాదాపు నీళ్ళే అని వాళ్ళకే కనపడుద్ది. ఆయాసమొస్తే గుండెకేదో అయిందని భయపడి ఆగిపోయే పిల్లలుంటారు, వాళ్ళకి మణికట్టు దగ్గర, బొటనవేలి కింద నాడి పట్టుకోవడం నేర్పండి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయమనండి. కూర్చున్నప్పుడు ఎనభై తొంభై దగ్గరుండేది, రెండు రౌండ్లు కొట్టాక నూట యాభై దాటి, ఐదు నిమిషాల్లో మళ్ళీ దిగుతా ఉంటే, సైన్స్ మేడమ్ చెప్పిన గుండె పాఠం వాళ్ళ చేతికింద కొట్టుకుంటా ఉంటది. లెక్కలు ఇష్టపడే పిల్లలు చాలామంది నాకు ఈ దారిలోనే గ్రౌండ్‌లోకొచ్చారు. అయితే ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పన్నా, కళ్ళు తిరుగుతన్నాయన్నా ఆట ఆపించి డాక్టర్ దగ్గరికి పంపండి, అక్కడ పాఠాలొద్దు.

కబడ్డీ మగపిల్లల ఆట అనే మాట కూడా పల్లెల్లో ఇంకా ఉంది. మన ఇండియా ఆడపిల్లల టీమ్ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టింది, ఆ ఫైనల్ వీడియో ఐదు నిమిషాలు చూపించండి, అమ్మానాన్నలకి కూడా. నెలసరి రోజుల్లో అసలు కదలకూడదని ఇంట్లో చెప్పి పంపుతారు, ఒంట్లో బాగుంటే ఆడుకోవచ్చు, నొప్పి ఉంటే ఆ రోజు వదిలెయ్యొచ్చు, ఈ మాట లేడీ టీచర్‌తో చెప్పించండి, సిగ్గు లేకుండా అడిగే వీలు పిల్లలకి ఉంటది.

పెద్ద ఆటగాళ్ళ పేర్లు చెప్పి ఊపు తేవచ్చా అని అడుగుతారు. తేవచ్చు గానీ వరస ముఖ్యం. కిదాంబి శ్రీకాంత్ మన గుంటూరు పిల్లాడే, 2018లో బ్యాడ్మింటన్‌లో వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు, ఇది రాకెట్ ఎప్పుడూ పట్టనోడికి చెప్తే తల ఊపి మర్చిపోతాడు. నెల రోజులు షటిల్ ఆడి, నెట్ దగ్గర డ్రాప్ ఎంత కష్టమో తెలిశాక చెప్తే వాడే ఇంటికెళ్ళి వీడియోలు వెతుక్కుంటాడు. జ్యోతి సురేఖ విజయవాడ అమ్మాయి, హాంగ్‌ఝౌలో ఆర్చరీలో మూడు గోల్డ్‌లు తెచ్చింది, ఆమె వాడేది కాంపౌండ్ విల్లు, చివర్లలో చక్రాలుంటాయి. ఫిజికల్ సైన్స్‌లో కప్పీలు చదివిన పిల్లలకి ఆ విల్లు ఫొటో చూపించి "ఈ చక్రాలెందుకు" అని అడిగి చూడండి, పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద బరువు తగ్గడానికి అనే జవాబు దాకా వాళ్ళే వాదించుకుంటా వస్తారు.

ఇదంతా వారానికి ఉండే ఆ కాసిని పీరియడ్లలోనే చెయ్యాలి, కాబట్టి పరీక్షల ముందు లెక్కల సారు పీరియడ్ అడిగితే మర్యాదగానే వద్దని చెప్పండి. ఉన్న నలభై నిమిషాల్లో మొదటి ఐదు, నిన్న ఏం తెలిసిందో వాళ్ళ నోటితో చెప్పించండి, తర్వాత ఆడించండి, మధ్యలో ఒక్కసారే ఆపి ఒక్క ప్రశ్న వెయ్యండి, మళ్ళీ ఆడించండి. చివర్లో క్లాసు తీసుకోకండి, నీళ్ళు తాగించి పంపెయ్యండి.

పనిచేస్తందో లేదో మార్కుల్లో కనపడదు. ఇంటర్వెల్‌లో బంతి అడగడానికి కొత్తగా ఎవరొస్తన్నారో చూడండి. "ఎందుకు" అని అడిగేవాళ్ళు పెరిగారా చూడండి. దసరా, సంక్రాంతి సెలవులయ్యాక ఇంటి దగ్గర ఏం ఆడారో అడగండి, బడిలో నేర్పిన ఆట పేరు ఒక్కటి వచ్చినా నోట్‌బుక్‌లో ఆ పిల్లోడి లైను పక్కన తేదీ వేసి రాసుకోండి. ఇంకో మాట, మనకి ట్రాన్స్‌ఫర్ ఎప్పుడైనా రావొచ్చు, కిట్ రూమ్ తాళాలతో పాటు ఆ నోట్‌బుక్ కూడా వచ్చే సారుకో మేడమ్‌కో ఇచ్చి వెళ్ళండి, లేకపోతే వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోవాలి, ఈలోపు పిల్లలు మళ్ళీ ఆ చెట్టు కిందే కూర్చుంటారు.